మామ కారు స్లోలో ఎందుకు ఆగిపోయేది

నాకు మా షడ్డకుడంటే అసూయ. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. షడ్డకుడంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు. కొన్ని జిల్లాల్లో తోడల్లుడు అంటారు. అందులో ఆ తోడు అనే మాట పెట్టినవాళ్ళకు మా వాడి లాంటివాడు తగిలి ఉండడు.

అతను చెడ్డవాడైతే నాకింత కష్టం ఉండేది కాదు. చెడ్డవాణ్ణి తిట్టుకుని పడుకోవచ్చు. ఇతను కౌతాళం వైపు నుంచి వచ్చి, నందవరంలో బడి అయ్యవారుగా చేరి, ఎమ్మిగనూరులో మా మామ ఇంటికి రెండు వీధుల అవతల కాపురం పెట్టాడు. గట్టిగా మాట్లాడడు. కోపం రాదు. చొక్కా నలగదు. నన్ను అన్నా అని పిలుస్తాడు. ఆ పిలుపులో ఎక్కడన్నా వెటకారం ఉందేమోనని వెతికాను, దొరకలేదు.

గొడవంతా ఒక కారు గురించి. మా మామది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. మూడు మగ్గాలు, ఒకదాని మీద ఇప్పటికీ ఆయనే కూర్చుంటాడు. వయసులో ఉన్నప్పుడు ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన దగ్గర ఈ కారు కొన్నాడు. చిన్నది, లేత ఆకుపచ్చ రంగు, ముందు రెండు గుండ్రటి దీపాలు. కొన్ననాటికే పాతది. ఇప్పుడు దాని ఈడు కార్లు మా వైపు ఎన్ని మిగిలాయో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మామ దాన్ని పెళ్ళిళ్ళకు ఇవ్వడు, ఫొటోలు తీసుకుంటామంటే ఇవ్వడు. నెలలో మొదటి గురువారం అందులో కూర్చుని మంత్రాలయం పోయి వస్తాడు. మిగతా రోజులన్నీ అది దుప్పటి కప్పుకుని ఇంటి పక్క రేకుల కింద ఉంటుంది.

చూపు తగ్గాక మామ తోలడం మానేశాడు. అప్పటి నుంచి, అంటే నా పెళ్ళయినప్పటి నుంచి పద్నాలుగేళ్ళు, ఆ గురువారం స్టీరింగు నాది. పెద్దల్లుణ్ణి, పైగా ఆ విద్య తెలిసినవాణ్ణి. ఆదోనిలో స్పేర్ పార్ట్స్ దుకాణం పెట్టకముందు ఒక ఉస్తాద్ దగ్గర ఎనిమిదేళ్ళు మెకానిక్కుగా చేశాను. ఉస్తాద్ తిట్లతో పాఠం చెప్పే మనిషి. ఆయన తిట్లు మరిచిపోయాను, పాఠం మరవలేదు.

కారుకు ఒక జబ్బు ఉండేది. రోడ్డు మీద నలభైలో, యాభైలో హాయిగా పోతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశామా, వణుకు మొదలు. స్పీడ్ బ్రేకర్ దగ్గర, గొర్రెల మంద అడ్డం వచ్చిన చోట, సర్కిల్లో పోలీసాయన చెయ్యెత్తిన చోట, ఇంజను గడగడా ఊగి, గేరు రాడ్డు చలిజ్వరం వచ్చినట్టు వణికి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. మా భాషలో స్లో నిలవడం లేదంటాం. కాలు ఎత్తేసినా ఇంజను తనంతట తాను నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి. ఇది ఉండేది కాదు.

దానికి నా దగ్గర రెండు విద్యలు ఉండేవి. ఒకటి కాలిది. కుడి పాదం ముందు భాగం బ్రేకు మీద, మడమ యాక్సిలరేటర్ అంచు మీద పెట్టి, ఆపుతూనే ఇంజనుకు కొంచెం కొంచెం పెట్రోలు తాగించడం. అది ఇంకెవరికీ చేతకాదు. మామ ఇంకెవరినన్నా కూర్చోబెడితే మంత్రాలయం చేరేలోపు పదిసార్లు ఆగేది. నేనైతే రెండుసార్లు, అదీ ఊళ్ళో.

రెండోది బుధవారం విద్య. ఆ గురువారానికి ముందు రోజు మధ్యాహ్నం నా ఫోను మోగేది.

“అల్లుడా, రేపు గురువారం గదప్పా. ఇది మళ్ళా ఆగిపోతాంది. ఒకసారి వచ్చి పోరాదా?”

ఒకసారి ఒకసారి అంటూ పద్నాలుగేళ్ళు పిలిచాడు. నేను దుకాణం షట్టరు దించి బస్సెక్కేవాణ్ణి. పోయేసరికి కారు వీధిలో దుప్పటి తీసి ఉండేది. పక్క ఇళ్ళ నేతగాళ్ళు ఇద్దరు ముగ్గురు అరుగు మీద చేరేవాళ్ళు. నేను చేతులు మడిచి, బానెట్ ఎత్తి, అందరినీ కాస్త దూరం జరగమనేవాణ్ణి. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే ముట్టుకునేవాణ్ణి. పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాణ్ణి. అదంతా చూసేవాళ్ళ కోసం. నిజమైన పని రెండు నిమిషాలది.

కార్బొరేటర్ పక్కన చిన్న ఇత్తడి మర ఒకటి ఉంటుంది. స్లో జెట్టు అంటాం. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి కావలసిన పెట్రోలంతా ఆ మర మధ్యలో ఉన్న, సూది మొన పట్టేంత రంధ్రంలోంచే రావాలి. అది మూసుకుపోయినా వేగంలో కారు బాగానే పోతుంది, వేగానికి దారి వేరు కాబట్టి. నెమ్మదిస్తేనే దానికి ఊపిరి ఆడదు. నేను ఆ జెట్టు విప్పి, పెదాల మధ్య పెట్టుకుని గట్టిగా ఒక్క ఊపు ఊదేవాణ్ణి. మళ్ళీ బిగించేవాణ్ణి. అంతే. ఆ రెండు నిమిషాల పని గంట సేపు చేసేవాణ్ణి.

స్టార్టు చేస్తే కారు కుదురుగా తిరిగేది. అప్పుడు మామ అరుగు వైపు తిరిగి, “మా పెద్దల్లుని చెయ్యి పడితే తప్ప ఇది మాట యినదప్పా,” అనేవాడు.

ఆ ఒక్క మాట కోసం నేను ఆదోని నుంచి బస్సులో నిలబడి పోయేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. ఆ జెట్టు ఎందుకు మూసుకుపోయేదో నాకు తెలుసు. మొదటి ఏడాదే తెలుసు.

బంకు దగ్గర వరుసలో ఆగిపోతే నలుగురూ నవ్వుతారని మామ కారును బంకుకు పోనివ్వడు. క్యానుతో పెట్రోలు తెప్పించి ఇంట్లోనే పోస్తాడు. పెట్రోలులో చెత్త ఉంటుందని ఆయన అనుమానం, అందుకని గరాటలో గుడ్డ వేసి వడగడతాడు. ఆ గుడ్డ ఉతికిన పాత పంచె ముక్క అయినా బాగుండేది. మామ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పడుగు మగ్గానికి ఎక్కించినప్పుడు మొదట నేసిన మూరెడు గుడ్డ అమ్మరు. పోగులు ఇంకా సర్దుకోక అది వదులు వదులుగా వస్తుంది, పైగా మొదటిది ఇంటికే ఉండాలని ఆయన పట్టు. అందరి ఇళ్ళల్లో ఆ ముక్క ఏ పసిబిడ్డ కిందికో పోతుంది. మామ దాన్ని కారుకు ఇచ్చాడు. మగ్గం మీంచి కోసింది కోసినట్టే, నీళ్ళు తగలకుండా, పోగులకు పట్టించిన గంజి ఇంకా కరకరలాడుతుండగా నాలుగు మడతలు పెట్టి గరాటలో వేస్తాడు.

“మన గుడ్డ కంటే మంచి జల్లెడ యాడుంటాదప్పా,” అంటాడు.

పోసినప్పుడల్లా ఆ గుడ్డలోని గంజి పొడి, పత్తి నూగు పెట్రోలుతో పాటు ట్యాంకులోకి దిగేవి. బుధవారం ఊదినా, గురువారం దారిలోనే అవి మళ్ళీ పోయి జెట్టులో కూర్చునేవి. కార్బొరేటర్ మూతి దగ్గర ఉండాల్సిన సన్నని జాలీ ఎప్పుడో చిరిగిపోయింది. దాని బదులు ఇంకొకటి వేయాల్సినవాణ్ణి నేను. వేయలేదు.

మొదట్లో నిజంగానే మొహమాటం. గుడ్డ నేసి బతికే మనిషి దగ్గరికి పోయి, నీ గుడ్డ వల్లే నీ కారు పాడైందని కొత్త అల్లుడు ఎట్లా చెబుతాడు? ఏడాది తిరిగేసరికి మొహమాటం పోయింది. అప్పటికి బుధవారాల రుచి మరిగాను. కారు బాగుపడితే ఫోను మోగదు, అరుగు మీద ఎవరూ చేరరు, ఆ మాట ఎవరూ అనరు. అందుకని ప్రతి నెలా ఊదాను, ప్రతి నెలా నోరు మూసుకున్నాను. పదకొండేళ్ళు ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పుడు మరదలి పెళ్ళయింది.

మొదటి ఏడాది అతను కారు వైపు చూడలేదు. రెండో ఏడాది ఒక బుధవారం నేను బానెట్ ఎత్తగానే పక్కకు వచ్చి నిలబడ్డాడు. దూరం జరగమన్నాను. జరిగాడు. జరిగి అక్కడి నుంచే అడిగాడు.

“అన్నా, ఇది యాడ యాడ ఆగిపోతాందో ఎప్పుడన్నా రాసి పెట్టుకున్యావా?”

“ఇంజను సంగతి చెవికి తెలియల్లప్పా అయ్యవారూ. పుస్తకానికి కాదు,” అన్నాను. అరుగు మీదివాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు.

మరుసటి నెల గురువారం అతను సెలవు పెట్టి మాతో బయలుదేరాడు. వెనక సీట్లో కూర్చున్నాడు. ఒళ్ళో అట్ట వేసిన బడి పుస్తకం, అందులో స్కేలు పెట్టి గీసిన గీతలు. ఎక్కడ ఆగింది, ఇంజను చల్లగా ఉందా వేడిగా ఉందా, ఆగేముందు ఎట్లాంటి శబ్దం చేసింది, అన్నిటికీ ఒక్కొక్క గడి. నేను మడమతో నా విద్య చూపిస్తుంటే వెనక నుంచి, “అన్నా, ఇప్పుడు కాలు ఎత్తినావా, ఎత్తలేదా?” అని అడిగేవాడు. అన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఎత్తానని అబద్ధం చెప్పాను. రాసుకున్నాడు.

ఆదివారాలు కారు ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. ఫోనులో వీడియోలు చూసి చూసి నేర్చుకున్నాడట. ఇంజను తిరుగుతుండగా ఒక్కొక్క ప్లగ్గు వైరు తీసి చూశాడు. ఏది తీసినా ఒకేలా కుంటింది, కాబట్టి నాలుగు ప్లగ్గులూ పనిచేస్తున్నాయని రాసుకున్నాడు. ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు శుభ్రం చేసి, మధ్య సందు కొలిచి రాసుకున్నాడు. కార్బొరేటర్ కింది ప్యాకింగ్ చుట్టూ కుంచెతో నీళ్ళు తడిపి, శబ్దం మారుతుందేమో విన్నాడు. మారితే అక్కడ గాలి దూరుతోందని అర్థం. మారలేదని రాసుకున్నాడు. ఎయిర్ ఫిల్టరు తీసి దులిపి, చోక్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూసి, అదీ రాసుకున్నాడు.

ఆ వరసలో తప్పు లేదు. అదే నాకు మరీ మండింది. ఉస్తాద్ దగ్గర ఎనిమిదేళ్ళు తిట్లు తిని నేను నేర్చుకున్న వరస అది.

“సిన్నల్లుడు డాక్టరు మాదిరి రాసుకుంటాడప్పా,” అని మామ అరుగు మీదివాళ్ళతో చెప్పడం నా చెవులారా విన్నాను. అదే అరుగు, అవే ముఖాలు. ఆ రోజు అత్త బొరుగులతో ఉగ్గాని చేసి మిరపకాయ బజ్జీలు వేసింది. అతని పళ్ళెంలో నాలుగు బజ్జీలు ఉన్నాయి, నా పళ్ళెంలో మూడు. నాకు యాభై దగ్గర పడుతోంది. అయినా లెక్కపెట్టాను.

ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర మొదలుపెట్టాను.

“మీ యమ్మ గూడా మారిపోయింది.”

“ఏమయింది?”

బజ్జీల సంగతి నోటిదాకా వచ్చి ఆగింది. “ఏం లేదు. ఆ అయ్యవారు కెలికి కెలికి కారు ఖరాబు చేస్తాడు, చూస్తాండు.”

“ఖరాబు చేస్తే నువ్వు బాగు చేస్తావు. ఆయప్ప బాగు చేస్తే నీకేం పోతాది?”

ఏం పోతుందో ఆమెకు చెప్పలేక స్నానానికి లేచాను.

కార్బొరేటర్ మాత్రం అతను ముట్టుకోలేదు. అది నేను చూసుకుంటానని మొదటే చెప్పి ఉన్నాను, మర్యాద తెలిసినవాడు కాబట్టి ఆగాడు. మిగతావన్నీ అయిపోయాక ఒక రోజు ఆదోనికి వచ్చి, పుస్తకం నా కౌంటర్ మీద పెట్టాడు.

“నాకు తెలిసింది అయిపోయిందన్నా. ఇంగ నువ్వే సెప్పల్ల.”

అప్పుడు చెప్పి ఉండవచ్చు. దుకాణంలో ఎవరూ లేరు, మామ లేడు, అరుగు లేదు. పేజీలు తిప్పాను. ముత్యాల్లాంటి అక్షరాలు. నేను బిల్లు రాస్తే నాకే అర్థం కాదు.

“ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉండాదే, దాని షాఫ్టు అరిగింది,” అన్నాను. “పట్టుకోని ఊపి చూడు, ఆడతాది. మార్చల్ల. ఈడ దొరకదు. బళ్ళారిలో పాత సామాన్ల అంగళ్ళలో యెతుక్కో.”

అంత పాత కారులో ఏ షాఫ్టయినా కొంచెం ఆడుతుంది. అతను పట్టుకుని ఊపాడు, ఆడింది, నమ్మాడు. రెండు ఆదివారాలు బళ్ళారిలో ఎండలో తిరిగాడు. దొరికింది. తెచ్చి వేశాడు. కారు ఎప్పటిలాగే స్లోలో ఆగిపోయింది. మామ ఫోను చేసి ఆ సంగతి చెబితే అయ్యో పాపం అన్నాను. ఫోను పెట్టేసి టీ తెప్పించుకున్నాను. ఆ టీ ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం అతను మళ్ళీ దుకాణానికి వచ్చాడు. ఈసారి పుస్తకం లేదు. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. లోపల ఆవగింజలో సగం ఉండే తెల్లటి ఉండ.

“నీకు సెప్పకుండా కార్బొరేటర్ ఇప్పినానన్నా, ఏమనుకోవద్దు. స్లో జెట్టులో ఇది ఉండాది. ఫోనులో పెద్దది చేసి చూసినా. పత్తి నూగు.”

“మన తట్టు గాల్లో పత్తి లేంది యాడప్పా,” అన్నాను.

“గాల్లోది కాదన్నా. దీంట్లో గంజి ఉండాది. మామ వడగట్టే గుడ్డది.” “గుడ్డ వద్దని ఆయనకు సెప్పలేను. మనసు కష్టపెట్టుకుంటాడు. పెట్రోలు పైపు మధ్యలో ఒక ఫిల్టరు ఏస్తే నూగంతా దాంట్లోనే ఆగిపోతాది గదా. ఒకటియ్యి.”

జబ్బూ కనిపెట్టాడు, ముసలాయన మనసు నొప్పించకుండా మందూ కనిపెట్టాడు. అది నాకు తోచలేదా అంటే, తోచనివ్వలేదు.

“స్టాక్ లేదు,” అన్నాను.

నా తల వెనక గోడకు ఒక మేకు ఉంది. ఆ మేకుకు అట్ట మీద వరుసగా పెట్రోలు ఫిల్టర్లు వేలాడుతున్నాయి. బొటనవేలంత పారదర్శకం ప్లాస్టిక్ డబ్బాలు, లోపల మడతలు పెట్టిన కాగితం కనబడుతూ. మోటారు సైకిళ్ళవాళ్ళు రోజూ కొనుక్కుపోయే సరుకు. అతని చూపు నా భుజం మీదుగా ఆ గోడ మీదికి పోయింది. అక్కడ కొంచెం సేపు ఉంది. మళ్ళీ నా ముఖం మీదికి వచ్చింది. ఆ చూపులో కోపమో, నవ్వో ఉంటే పోట్లాడేవాణ్ణి. పోట్లాటకు సిద్ధంగానే ఉన్నాను. ఏమీ లేదు.

“సరేన్నా. వచ్చినాక సెప్పు,” అన్నాడు. పొట్లం మడిచి జేబులో పెట్టుకుని బస్టాండు వైపు పోయాడు.

నాలుగు అడుగులు వేస్తే ఇంకో దుకాణం ఉంది. అక్కడైనా కొనుక్కుని పోతాడేమోనని గుమ్మంలోకి వచ్చి చూశాను. ఆ దుకాణం వైపు తిరగనైనా తిరగలేదు. కొనుక్కుని ఉంటే నాకు నెమ్మదిగా ఉండేది. నేను స్టాక్ లేదన్నాను, అతను ఇంకోచోట తెచ్చుకున్నాడు, అయిపోయింది అనుకునేవాణ్ణి. అతను ఆ పనిని నా చేతుల్లో వదిలిపెట్టి పోయాడు.

నాలుగు రోజులు తిండి సయించలేదు. మామకు చెప్పేసి ఉంటాడు, ఇక బుధవారం ఫోను రాదు అనుకున్నాను. బుధవారం మధ్యాహ్నం ఫోను మోగింది.

“అల్లుడా, రేపు గురువారం గదప్పా.”

“అయ్యవారు ఏమన్యాడు మామా?”

“అన్న వచ్చి చూస్తాడులే మామా అన్యాడు.”

మేకు మీంచి ఒక ఫిల్టరు తీసుకుని బస్సెక్కాను. నాకు బుద్ధి వచ్చిందని అనుకోకండి. కారు బాగుపడక తప్పదని తేలిపోయింది. బాగుపడేదైతే నా చేత్తో బాగుపడాలి, అతని చేత్తో కాదు. దారి పొడుగునా నా తలలో ఉన్నది అదొక్కటే.

ఆ రోజు ఎవరినీ దూరం జరగమనలేదు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకోలేదు. జెట్టు ఊదాను, కార్బొరేటర్ కంటే ముందు పెట్రోలు పైపు కోసి మధ్యలో ఫిల్టరు పెట్టి, రెండు క్లిప్పులు బిగించాను. ఇంజను ఆగిపోకుండా స్లో స్క్రూ చాలా ఏళ్ళుగా ఎక్కించి ఉంచాను, దాన్ని కిందికి దింపాను. అరగంటలో అయిపోయింది. ఇంజను ఎంత నెమ్మదిగా తిరిగిందంటే, లోపల ఆడుతున్న మగ్గం చప్పుడు దాని మీదుగా వినబడింది. గేరు రాడ్డు కదల్లేదు.

“ఏం చేస్తివప్పా?” అన్నాడు మామ.

నేను నోరు తెరిచేలోపు అతను అన్నాడు, “అన్నకే తెలిసింది మామా దీని మర్మం.”

అరుగు మీదివాళ్ళు తలలూపారు. పద్నాలుగేళ్ళు నేను ఎదురుచూసిన మాట మామ మళ్ళీ అన్నాడు. అది అతను తీసి నా చేతిలో పెట్టినట్టు అయింది. నాకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు ఉంది.

తర్వాత మామ తాళం చెవి తీసి అతనికి ఇచ్చాడు.

“ఇంగ ఆగిపోదు గదా. రేపు అయ్యవారు తోల్తాడులే. ఇన్నేండ్లు నువ్వే తోల్తివి, పాపం. యెనక కూసోని రెస్టు తీసుకో.”

ఆయన దయతోనే అన్నాడు. అతను తాళం చెవి నా వైపు చాపి, “నువ్వే తోలన్నా,” అన్నాడు. పెద్దాయన చెప్పాడు కదా అని, అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

గురువారం పొద్దున వెనక సీట్లో కూర్చుంటే, నేనెన్నడూ చూడని వైపు నుంచి కారు కనబడింది. మామ ముందు సీట్లో, అతను స్టీరింగు దగ్గర. తప్పులు వెతకడానికి ముందుకు వంగి కూర్చున్నాను. గేరు మెత్తగా వేస్తున్నాడు, హారను అవసరానికే కొడుతున్నాడు. ఎమ్మిగనూరు సర్కిల్లో పోలీసాయన చెయ్యెత్తగానే నా కుడికాలు తనంతట తానే కింది మ్యాటు మీద తిరిగి, మడమ పక్కకు పోయింది. కారు ఆగింది. ఇంజను ఆగలేదు. నా కాలుకు ఏం చేయాలో తోచక అట్లాగే ఉండిపోయింది.

సగం దారిలో టీ కొట్టు దగ్గర ఆపాం. నేను వేసిన కొత్త సామాను చూస్తానన్నాడు మామ. అతను బానెట్ ఎత్తాడు. మామ వంగి, ముఖం ఫిల్టరుకు దగ్గరగా పెట్టి చూశాడు. లోపలి కాగితం మడతల మీద తెల్లగా పేరుకుని ఉంది. ఆయనకు ఎదురుగా వచ్చే మనిషి ముఖం ఆనదు గానీ, నూగు విషయంలో ఆయనను ఎవరూ మోసం చేయలేరు.

“ఇది మన గుడ్డది గదా,” అన్నాడు.

వంగినవాడు వంగినట్టే తల నా వైపు తిప్పాడు.

“ఎన్నేండ్ల నుంచి?”

నన్నే అడిగాడు. పక్కన అతను గొంతు సవరించుకున్నాడు. నన్ను కాపాడబోతున్నాడని అర్థమైంది. ఏదో ఒకటి మెత్తగా చెబుతాడు, మామ నమ్ముతాడు, జీవితాంతం నేను దానికి అతని ముఖం చూస్తూ బతకాలి. అది నావల్ల కాలేదు.

“మొదటి నుంచి మామా. నాకు తెలుసు. ఆ అయ్యవారికి బళ్ళారి పని సెప్పింది గూడా ఊరికే. షాఫ్టు బాగానే ఉన్యాది.”

నిజం చెప్పడానికి కూడా నాకు అసూయే సాయం చేసింది.

మామ నిటారుగా నిలబడి, భుజం మీది టవలుతో చేతులు తుడుచుకున్నాడు. చేతులకు మురికి ఏమీ లేదు.

“నేను నొచ్చుకుంటానని సెప్పకపోతివేమో,” అన్నాడు.

అవుననలేదు, కాదనలేదు. ముగ్గురం టీ తాగాం. అతను డబ్బాలోంచి మామకు బిస్కెట్లు తీసిచ్చాడు. నాకూ ఒకటి ఇచ్చాడు, తీసుకున్నాను.

అక్కడి నుంచి కొంచెం దూరం పోయాక గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. అతను కారు ఆపాడు. ఇంజను శబ్దం దాదాపు లేదు. మామ చెవి కొంచెం ముందుకు పెట్టి విన్నాడు. ఎన్నేళ్ళుగానో ఇలాంటి చోట ఆయన అడిగే ప్రశ్న ఒకటే.

“ఆగిపోయిందా?”

“లేదు మామా. నడుస్తాంది,” అన్నాను వెనక నుంచి, అతని కంటే ముందే.

మామ కాసేపు గొర్రెలను చూశాడు. వెనక్కి తిరగకుండా అన్నాడు, “ఇది నడిస్తే, ఇంగ నువ్వు బుధవారం రావేమో.”

ఇన్నేళ్ళూ అరుగు మీదివాళ్ళ ముందు అనే మాట కోసం నేను పోయాననుకున్నాను. ఆయన నన్ను ఎందుకు పిలిచేవాడో ఒక్కసారీ ఆలోచించలేదు.

“వస్తా మామా,” అన్నాను. “పని లేకున్యా వస్తా.”

“రాకపోతే ఆ ఫిల్టరు పీకి పారేస్తా. ఇంట్లో గుడ్డ శానా ఉండాది,” అన్నాడు మామ.

నవ్వాను. నవ్వుతూ తలెత్తితే ముందర వేలాడే చిన్న అద్దంలో అతని ముఖం కనబడింది. రోజూ సాయంత్రం రెండు వీధులు నడిచి వచ్చి ఆ ముసలాయన మందులు చూసిపోయే మనిషి. నువ్వు రాకపోతే ఊరుకోనని అతనితో ఎవరూ ఎప్పుడూ అని ఉండరు, ఆ అవసరమే రాలేదు. మూడేళ్ళలో మొదటిసారి ఆ ముఖం కొంచెం నలిగింది. నాకది కొత్త ముఖమేమీ కాదు. రోజూ పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు చూసేదే.

గొర్రెలు దాటిపోయాయి. అతను ఇంజనును అవసరం కంటే ఎక్కువ రేజ్ చేసి, గేరు కటుక్కుమనిపించి ముందుకు పోనిచ్చాడు. అది తప్పు. నేను ఏమీ అనలేదు.